నాడి కనెక్షన్

ఆ ఏడు మే నెలలో, పదమూడో తేదీ నుంచి పదిహేనో తేదీ దాకా, మూడు రోజుల్లో గోదావరిఖని శివారులోని సింగారం కాలనీ సి బ్లాకులో పందొమ్మిది మందికి ఎముకలు విరిగాయి. ఏడుగురికి ఒళ్లు కాలింది. ఇద్దరు చనిపోయారు. బయటినుంచి వచ్చి ఎవరూ దాడి చెయ్యలేదు. దెబ్బలు తిన్నవాళ్లలో ఎక్కువమందిని కొట్టింది సొంత ఇంటివాళ్లే. ఎందుకు కొట్టారని పోలీసులు అడిగితే అందరూ ఇంచుమించు ఒకే మాట చెప్పారు. కరెంటు కోసం.

ఆ బ్లాకులో స్వరూప వాళ్లక్క రాజమణి ఇల్లు కూడా ఉంది. ఆ ఇంటికి కనెక్షన్ పెట్టింది స్వరూపే.

అంతకు రెండేళ్ల ముందు రాజమణి, సత్తయ్య ఆ కాలనీలో మూడో అంతస్తులో 304 నంబరు ఫ్లాటులోకి వచ్చారు. సత్తయ్య బస్టాండు వెనక మోటార్లు వైండింగ్ చేసే షాపు నడుపుతాడు. రాజమణి ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. వాళ్లకు ఏడేళ్ల కూతురు సహస్ర. సత్తయ్య తల్లి లచ్చవ్వ కూడా వాళ్లతోనే ఉంటుంది. ఆమె ఊపిరితిత్తులు చెడిపోయి చాలా కాలమైంది. రోజుకు పద్దెనిమిది గంటలు ఆక్సిజన్ మిషన్ పెట్టుకునే బతుకుతోంది.

పాలు పొంగించిన మర్నాడు స్వరూప వచ్చేసరికి హాలు నిండా కాగితాలు పరుచుకుని ఉన్నాయి.

"కరెంటుకు ఒకలు, నెట్టుకు ఒకలు, నీళ్లకు ఒకలు," అంది రాజమణి విసుగ్గా. "పొద్దటి సంది గేటు కాడ ఎగవడుతుండ్రు. ఎవల్ది తీసుకోవాలె చెల్లె? ఒకడు డబ్బ నెట్టు అంటడు, ఒకడు తీగ నెట్టు అంటడు. నా తలకాయ తిరుగుతున్నది."

"మూడూ వద్దక్కా," అంది స్వరూప. సంచిలోంచి తెల్లటి పెట్టె ఒకటి తీసింది. టిఫిన్ డబ్బాకన్నా పెద్దది కాదు. "ఇదొక్కటి సాలు. నాడి పెట్టె అంటరు. మా ఆఫీసుల మేం జేసినదే."

స్టూలు వేసుకుని గుమ్మం పైన పెట్టె బిగించి, ఫోను తెరిచి చూపించింది. తెర మీద అయిదు గీతలు పాకుతున్నాయి.

"ఇది బావది. ఇది అక్కది. ఇది నాది. అన్నిటికన్న ఉరుకుతున్నది సహస్రది. ఏదీ, ఒకసారి దునుకు బిడ్డా."

సహస్ర గెంతింది. గీత కూడా గెంతింది. పిల్ల చప్పట్లు కొట్టింది.

"అడుగున వణుకుతున్నది ఎవల్ది?" అడిగాడు సత్తయ్య.

"అది అత్తమ్మది. నెట్టు సిగ్నలు ఇల్లంత తిరుగుతది గద బావా. మనిషికి తాకి మర్లి వస్తది. ఊపిరి తీస్తే రొమ్ము కదుల్తది, గుండె కొట్టుకుంటే ఒల్లు అదురుతది. ఆ అదురును పెట్టె పట్టుకుంటది. కాలనీల కరెంటు తక్కువైననాడు అందరికీ కోసెయ్యకుంట, ఎవల పానం ఇబ్బందిల ఉన్నదో ఆ ఇంటికి ముందుగల ఇస్తది. కరెంటు, నెట్టు, నీళ్ల మోటరు, అన్నీ దీని చేతులనే."

సత్తయ్య పెట్టెవైపు వేలు చూపించాడు.

"మా ఇంట్ల మేం ఎట్ల ఊపిరి తీస్తున్నమో మీరు ఆఫీసుల కూసోని చూస్తరన్నమాట."

"పేర్లు కనవడయి బావా. ఇంటి నంబరు, గీతలు. గంతే."

"నాకు మామూలు తీగ సాలు స్వరూపా. ఇరవై ఏండ్ల సంది తీగలతోనే బతుకుతున్న. తీగకు మనిషి ఎవలో తెల్వది. తెల్వకపోవుడే మంచిది."

"మీ అవ్వకు మిషన్ ఆగితే అర్ధగంట గూడ ఆగది," అంది రాజమణి. "పోయిన ఎండకాలం యాదికి లేదా? మూతి నీలవడితే నేనొక్కదాన్నే ఇసనకర్ర పట్టుకోని ఏడ్సిన. మీరు షాపుల ఉంటిరి."

సత్తయ్య తల్లి మంచం వైపు చూశాడు. ఫోను మీద వేలు పెట్టి ఒప్పందానికి సరే అన్నాడు.

మొదటి ఎండాకాలం నాడి పెట్టె చెప్పినట్టే పనిచేసింది. మధ్యాహ్నం బ్లాకంతా కరెంటు పోయినా 304లో లచ్చవ్వ మిషన్ ఆగలేదు. అయిదో అంతస్తులో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ గదిలో కూలర్ ఆగలేదు. పేపర్లవాళ్లు రాశారు. మంథని రోడ్డులోని పరిశోధనశాలకు స్వరూప పై అధికారి డాక్టర్ వరదాచారి స్వీటు డబ్బాలు తెప్పించాడు. అరవై దాటిన మనిషి, మాట మెత్తన. "మనం కరెంటుకు కళ్లు ఇచ్చామమ్మా," అన్నాడు. ఆ మాట స్వరూపకు చాలా నచ్చింది. కాలనీలో ఎదురైన ఆడవాళ్లు ఆమెను పెట్టె మేడం అని పిలిచేవాళ్లు. అదీ నచ్చింది.

రెండో ఎండాకాలం మే పదకొండున గాలిదుమారం వచ్చి పెద్ద లైను టవర్లు వరసగా నేలకొరిగాయి. మర్నాడు ఎండ నలభై ఎనిమిది డిగ్రీలు. జిల్లాకు రావలసిన కరెంటులో ఎనిమిదో వంతు మాత్రమే వచ్చింది. సింగారం కాలనీలో నాలుగు వందల ఇళ్లు. పెట్టెలు ఏ సమయంలోనైనా యాభై ఇళ్లకు మించి ఇవ్వలేని పరిస్థితి. ఒకసారి ఎంచుకున్న ఇంటికి నలభై నిమిషాలు కరెంటు ఉంటుంది. తర్వాత మళ్లీ లెక్క.

పన్నెండో తేదీ ఉదయానికల్లా జనం కిటుకు కనిపెట్టారు. గుండె వేగంగా కొట్టుకుంటే ఫ్యాను తిరుగుతుంది. పిల్లలు హాల్లో తాళ్లాట మొదలుపెట్టారు. లావుపాటి మగవాళ్లు గుంజీలు తీశారు. పరిశోధనశాలలో గోడంత తెర మీద గీతలన్నీ ఒక్కసారి లేచాయి. అడుగున తొమ్మిది గీతలు మాత్రం లేవలేదు. అవి సి బ్లాకులో మిషన్ల మీద బతుకుతున్నవాళ్లవి. ఫలానా ఇంటికి ఆపొద్దని పెట్టెకు విడిగా చెప్పే వీలు లేదు, అది గీతను బట్టే ఇస్తుంది.

"మోసం చేస్తున్నారు," అన్నాడు వరదాచారి నొచ్చుకుంటూ. "పరుగెత్తలేనివాళ్లు చచ్చిపోతారు. ఆయాసానికీ బాధకీ తేడా పట్టుకోలేమా స్వరూపా?"

పట్టుకోవచ్చని స్వరూపకు తెలుసు. పరుగెత్తే మనిషికి ముందు ఊపిరి పెరుగుతుంది, దాని వెనక గుండె. బాధ కలిగిన మనిషి ముందు ఊపిరి బిగబడతాడు. ఒక్క క్షణం అంతా ఆగుతుంది. ఆ తర్వాత గుండె ఎగురుతుంది, ఊపిరి ముక్కలుముక్కలుగా తెగుతుంది. ఆమె కుర్చీలోంచి లేవకుండా ఆ తేడాను పెట్టెకు నేర్పింది. బిగబట్టిన ఊపిరి ఉంటేనే లెక్కలోకి తీసుకోమంది. పదకొండున్నరకు మొదలుపెట్టి మూడింటికి పూర్తి చేసింది. మూడుంబావుకు కొత్త పద్ధతి కాలనీలోని పెట్టెలన్నిటికీ చేరింది.

తాళ్లాట ఆగిపోయింది. సాయంత్రం రాజమణి ఫోను చేసింది.

"అత్తమ్మ మిషన్ మల్ల నడుస్తున్నది చెల్లె. నీ పుణ్యముంటది."

ఆ రోజు స్వరూప హాయిగా నిద్రపోయింది.

పదమూడో తేదీ మధ్యాహ్నం తెర మీద కొత్త రకం గీతలు కనిపించాయి. ఎనభై దగ్గర నిలకడగా ఉన్న గుండె రెండు సెకన్లలో నూట అరవైకి ఎగురుతోంది. దానికి ముందు ఊపిరి బిగబట్టినట్టు చిన్న ఖాళీ. ఒకటో రెండో ఇళ్లలో కాదు, ముప్పై ఇళ్లలో. కొన్ని ఇళ్లలో సరిగ్గా నలభై నిమిషాలకోసారి.

"గుండెపోట్లా?" అన్నాడు వరదాచారి.

"ఇంతమందికా సార్?"

స్వరూప అక్కకు ఫోను చేసింది. రాజమణి ఎత్తగానే వెనక నుంచి మగమనిషి కేక వినపడింది. నొప్పితో వేసిన కేక.

"ఏందక్కా అది?"

"కింద 203ల జేసీబీ నడిపే తిరుపతి." రాజమణి గొంతు తగ్గించింది. "వాళ్ల తమ్మున్ని కొడుతుండు. ఆ పిలగానికి కొంచెం మెదడు తక్కువ గద, ఎందుకు కొడుతుండ్రో తెల్వక ఇంక భయపడుతడు. ఎంత భయపడ్తె అంత కరెంటస్తదట. పొద్దుగాల ఎవలింట్లనో చెయ్యి కాలినప్పుడు ఫ్యాన్ తిరిగిందట. గప్పటి సంది ప్రతి అంతస్తుల గిదే లొల్లి. కొడ్తె ఫ్యాన్ తిరుగుతదని చిన్న పిల్లలకు గూడ తెలిసింది చెల్లె."

స్వరూప ఫోను పెట్టేసి వరదాచారి ముందు నిలబడింది.

"ఆపేద్దాం సార్. ఇప్పుడే."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఆపితే అందరికీ సమానంగా పంచాలి. గంటకు ఏడు నిమిషాలు. ఆ తొమ్మిది మంది ఏడు నిమిషాల ఊపిరితో బతుకుతారా? నీ మార్పును వెనక్కి తీసుకుంటే మళ్లీ తాళ్లాట. ఆ తొమ్మిది మందిలో ఎవరు గెంతగలరు?"

"కొట్టుకుంటున్నారు సార్ అక్కడ!"

"పోలీసులకు చెప్పాను. రేపటికి లైన్లు బాగుపడతాయంటున్నారు. ఒక్క రోజు ఓర్చుకుందాం. దెబ్బలు మానుతాయి, పోయిన ప్రాణం రాదు కదమ్మా."

ఆయన మాటలో తప్పు ఎక్కడుందో స్వరూపకు ఆ క్షణంలో దొరకలేదు. మంచం మీదున్న లచ్చవ్వ గుర్తొచ్చింది. తిరిగి వెళ్లి కుర్చీలో కూర్చుంది.

మర్నాటికి లైన్లు బాగుపడలేదు. ఇద్దరు కానిస్టేబుళ్లు కాలనీకి వచ్చి, గేటు దగ్గర కాసేపు అరిచి, ఊళ్లో ఇంకెక్కడో గొడవ జరుగుతోందని వెళ్లిపోయారు.

304లో లచ్చవ్వ గుండె చాలా బలహీనంగా కొట్టుకుంటోంది. ఎంత బాధ ఉన్నా అది ఎగరలేదు. చుట్టూ ఇళ్లలోంచి ఎగిసే గీతల మధ్య ఆమె గీత పెట్టెకు ఆనలేదు. పద్నాలుగో తేదీ ఉదయం తొమ్మిదింటికి మిషన్ ఆగింది. ఆమె మూతి నల్లబడుతుంటే సత్తయ్య ఒక నిమిషం చూశాడు. తర్వాత ఎడమచేతి వేలొకటి తలుపు సందులో పెట్టి, కుడిచేత్తో తలుపు లాగాడు.

మిషన్ తిరిగింది.

నలభై నిమిషాల తర్వాత ఇంకో వేలు. మధ్యాహ్నానికి నాలుగు వేళ్లు విరిగాయి. అయిదోసారి ఏం జరగబోతోందో అతని ఒంటికి ముందే తెలిసిపోయింది. నొప్పి ఉంది, ఊపిరి మాత్రం బిగుసుకోలేదు. కరెంటు రాలేదు. అప్పుడు రాజమణి పొయ్యి మీద గరిట కాల్చుకుని మోచెయ్యికి పెట్టుకుంది. ఆమె ఒళ్లు పదిహేనో తేదీ పొద్దుటిదాకా పెట్టెకు పలికింది.

అప్పటికి ఇంకో గొడవ మొదలైంది. పక్కింటి పెట్టె పగిలితే పోటీలో ఒక ఇల్లు తగ్గుతుందని ఎవరికో తోచింది. ఇనుప రాడ్లు పట్టుకుని గుంపులుగా అంతస్తులెక్కి తలుపులు బద్దలుకొట్టసాగారు. సత్తయ్య విరిగిన చేతికి తువ్వాలు చుట్టుకుని, కుడిచేత్తో నీళ్ల పైపు ముక్క పట్టుకుని మూడో అంతస్తు మెట్ల దగ్గర కాపలా నిలబడ్డాడు. పొద్దున ఒకడి భుజం విరగ్గొట్టాడు కూడా. వెనక తన ఇంట్లో మిషన్ చప్పుడు వినిపిస్తూనే ఉంది. అది ఎలా నడుస్తోందని అతను అడగలేదు.

పదిహేనో తేదీ మధ్యాహ్నం ఒంటిగంట దాటాక స్వరూప తెర మీద 304 గీతలు తెరిచింది. పొద్దుటి నుంచి ఆ ఇంటికి కరెంటు ఆగలేదు. అది చూసి ముందు ఆమె మనసు కుదుటపడింది. తర్వాత ఎవరి గీత ఎగురుతోందో చూసింది. అక్కది కాదు. బావది కాదు. అన్నిటికన్నా సన్నగా, వేగంగా కొట్టుకునేది. ఊపిరి బిగబట్టడం, ఆగడం, ఎగరడం. నలభై నిమిషాలకు మళ్లీ. ఆ తర్వాత మళ్లీ.

ఆమె ఎవరికీ చెప్పకుండా స్కూటీ తీసుకుని బయల్దేరింది.

సి బ్లాకు మెట్ల మీద నెత్తురు ఎండి చెప్పులకు అంటుకుంటోంది. మొదటి అంతస్తులో ఒక ముసలాయన తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. రెండో అంతస్తులో మూసిన తలుపు వెనక ఎవరో ఆడమనిషి "ఇగ వద్దు, ఇగ వద్దు" అని వేడుకుంటోంది. ఆ గొంతు మధ్యలో ఆగిపోయింది. అదే తలుపు కింద సందులోంచి లైటు వెలుగు కనిపించింది.

మూడో అంతస్తులో సత్తయ్య పైపు ఎత్తాడు. మరదల్ని గుర్తుపట్టి దించాడు.

"నువ్వెందుకచ్చినవ్ ఈడికి? పో!"

"జరుగు బావా."

లోపల ఫ్యాను తిరుగుతోంది. లచ్చవ్వ మంచం పక్కన మిషన్ గుయ్యిమంటోంది. ముసలామె కళ్లు తెరిచే ఉన్నాయి, మాట్లాడే ఓపిక లేదు. కుట్టుమిషన్ దగ్గర పీట మీద సహస్ర కూర్చుని ఉంది. ఏడవడం లేదు. ఎడమచెయ్యి ఒళ్లో పెట్టుకుని గోడవైపు చూస్తోంది. ఎదురుగా నేల మీద రాజమణి. ఆమె వేళ్ల మధ్య గోనెసంచులు కుట్టే సూది ఉంది.

"సహస్రా, చెయ్యి చూపియ్యి బిడ్డా," అంది స్వరూప.

పిల్ల చూపించింది. మోచేతి మడత నుంచి మణికట్టు దాకా ఎర్రటి చుక్కలు, కుట్టు వేసినట్టు వరసగా ఉన్నాయి.

వెనక పైపు నేల మీద పడిన చప్పుడైంది. సత్తయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఏందే ఇది?" అన్నాడు.

"నా ఒల్లు ఇగ పలుకుతలేదు!" రాజమణి ఒక్కసారిగా అరిచింది. కాలిన రెండు చేతులూ ముందుకు చాపింది. "చూడుండ్రి, ఏడ గూడ జాగ లేదు! మీ చెయ్యి గూడ పలుకుతలేదు! ముసలామె నా కండ్ల ముందట నీలవడుతుంటే నేనేం జెయ్యాలె? చచ్చిపొమ్మనాల్నా? సూదే. కత్తి గాదు. సూదే గుచ్చిన. నాయినమ్మ కోసం బిడ్డా అంటే అదే చెయ్యిచ్చింది..."

మాట పూర్తికాకుండానే సూది వదిలేసి నేలకు తల కొట్టుకుంది. సహస్ర కదల్లేదు.

సత్తయ్య గోడకు ఆనుకున్నాడు. మెట్ల దగ్గర కాపలా లేదన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు. మరు నిమిషంలో తిరుపతి, అతని వెనక నలుగురు లోపలికి వచ్చారు. పెట్టె పగలగొట్టడానికే వచ్చారు. తిరుపతి రాడ్డు ఎత్తి, స్వరూపను చూసి ఆగిపోయాడు.

"గీమెనే పెట్టె మేడం," అన్నాడు.

"అన్నా, నా మాట ఇనుండ్రి. ఇదంత ఆపాలె, అందరం కలిసి..."

"నాకు ఇద్దరు పోరగాళ్లు. కవలలు. జరంతోని కాలిపోతుండ్రు. మీ పెట్టెకు వాళ్ల జరం ఆనుతలేదు." తిరుపతి ఆమె జుట్టు పట్టుకున్నాడు. "నువ్వు ఆనుతవ్ గద. నడువు."

సత్తయ్య అడ్డం వచ్చాడు. ఒకడు అతని విరిగిన చేతి మీద రాడ్డుతో కొట్టాడు. సత్తయ్య కూలబడ్డాడు.

స్వరూపను మెట్ల మీదుగా 203కి ఈడ్చుకుపోయారు. తడిగుడ్డ మీద ఇద్దరు పసివాళ్లు మూలుగుతున్నారు. వాళ్ల తల్లి స్వరూపను చూసి మొహం తిప్పుకుంది. తిరుపతి మొహంలో కోపం లేదు. పనిలోకి దిగినవాడిలా ఉన్నాడు. ఆమె కుడిచెయ్యి బల్ల మీద పరిచి, పానా తీసుకున్నాడు.

"నీకు తెలుసు గద మేడం, ఎంత కొడ్తె ఎంతస్తదో. నువ్వే చెప్పు."

మొదటి దెబ్బకు చిటికెన వేలు విరిగింది. ఫ్యాను తిరిగింది. బయట వరండాలో ఎవరో "అచ్చింది, అచ్చింది!" అని కేక పెట్టారు. స్వరూపకు తన అరుపు ఎక్కడో దూరం నుంచి వినిపించింది. ఊపిరి బిగబట్టడం, ఆగడం, ఎగరడం. తను రాసిన వరస తన ఒంట్లోనే నడుస్తోంది. బిగబట్టకూడదనుకుంది. నెమ్మదిగా పీల్చి నెమ్మదిగా వదలాలని చూసింది. తిరుపతికి ఆ ఎత్తు అర్థమై రెండో వేలు విరిచాడు.

"ఇగ మాకియ్యుండ్రి," అన్నారు గుమ్మంలో ఉన్నవాళ్లు. 207 వాళ్లు ఒక చెయ్యి పట్టి లాగారు, 210 వాళ్లు రెండో చెయ్యి. ఆమె కోసం వాళ్లలో వాళ్లు తన్నుకున్నారు. చివరికి 207 వాళ్లు గెలిచారు. అక్కడ ఒకడు ఎడమ చెవి మీద రాడ్డుతో కొట్టాడు. ఆ దెబ్బతో ఒకవైపు లోకం చప్పుడు లేకుండా పోయింది.

పైన 304లో సత్తయ్య లేచాడు. మూలనున్న గడ్డపార తీసుకున్నాడు. ఎక్కడికి వెళ్తున్నాడో రాజమణికి అర్థమైంది.

"అవ్వ..." అంది.

"తెలుసు."

మంచం దగ్గర ఆగి తల్లి పాదాలు ఒకసారి పట్టుకున్నాడు. లచ్చవ్వ చూపు అతని మీదే ఉంది. ఆమెకు ఎంతవరకు తెలిసిందో చెప్పలేం. అతను కూతురి వైపు చూడలేకపోయాడు. ఒంటిచేత్తో గడ్డపార ఈడ్చుకుంటూ మెట్లు దిగాడు. కొట్టుకుంటున్న గుంపుల మధ్య నుంచే వెళ్లాడు. చేతిలో గడ్డపార ఉన్న మనిషి కిందికి పోతుంటే ఎవరూ పట్టించుకోలేదు. అందరికీ కావలసింది పైన ఉంది.

సెల్లారులో ఇనుప తలుపు వెనక బ్లాకు మొత్తానికి కరెంటు, సిగ్నలు పంచే పెద్ద పెట్టె ఉంది. దానికి ఎక్కడ కొడితే మళ్లీ అతకదో ఇరవై ఏళ్లుగా మోటార్లు విప్పుతున్న సత్తయ్యకు తెలుసు. మూడో పోటుకు నీలిమంట లేచింది. అతను ఎగిరి గోడకు కొట్టుకున్నాడు. కనుబొమలు, మొహం ఒకవైపు కాలిపోయాయి.

207లో ఫ్యాను నెమ్మదించింది. రాడ్డు పట్టుకున్నవాడు స్వరూప వీపు మీద ఇంకోసారి కొట్టి పైకి చూశాడు. రెక్కలు ఆగిపోయాయి. మళ్లీ కొట్టి మళ్లీ చూశాడు. పెట్టె మీద వెలిగే చిన్న పచ్చ దీపం కూడా ఆరిపోయి ఉంది.

"పోయింది," అన్నాడు.

అతను రాడ్డు కింద పెట్టాడు. బ్లాకంతా ఒక్కో గదిలో ఒక్కో అరుపు ఆగిపోయింది. ఇక కొట్టినా వచ్చేదేమీ లేదు. నేల మీద పడి ఉన్న స్వరూపను, అప్పుడే గదిలోకి వచ్చిన కొత్త మనిషిని చూసినట్టు చూశాడతను.

"మేడం," అన్నాడు. "నీళ్లు తాగుతరా?"

రాజమణి మంచం కోడు పట్టుకుని ఒక్కతే లాగుతుంటే ముందుగా చెయ్యి వేసింది తిరుపతే. మంచంతో సహా లచ్చవ్వను మెట్ల మీదుగా దించారు. మిగిలిన ఎనిమిది మందినీ అలాగే దించారు. పొద్దున ఎముకలు విరగ్గొట్టిన చేతులే మోశాయి. ఆటోల్లో, ట్రాలీల్లో పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ జనరేటర్ ఉంది, ఆక్సిజన్ సిలిండర్లున్నాయి. కాలనీకి పన్నెండు నిమిషాల దూరం. ఎనిమిది మందీ బతికారు. తిరుపతి కవలలూ బతికారు. ఆ పని మొదటి రోజే చెయ్యగలిగేవాళ్లు. పెట్టె ఉంది కదా, ఇంకో నలభై నిమిషాలు నడిస్తే చాలు కదా అనుకోవడంలో అది ఎవరికీ తోచలేదు.

లచ్చవ్వ మొదటి అంతస్తు మలుపు దగ్గరే పోయింది. తిరుపతి తమ్ముడు పొద్దునే బాత్రూములో చనిపోయి ఉన్నాడు. ఆ సంగతి సాయంత్రం దాకా ఎవరూ చూసుకోలేదు.

విచారణ నాలుగు నెలలు నడిచింది. ఇళ్ల లోపలి గీతలు వ్యక్తిగతమైనవనీ, బయటపెట్టకూడదనీ వరదాచారి వాదించాడు. స్వరూప దగ్గర వాటి నకలు ఉంది. అందులో ఎవరు, ఏ ఇంట్లో, ఏ నిమిషంలో బాధపడ్డారో మొత్తం ఉంది. అది బయటికి వస్తే బ్లాకులో సగం మంది మీద కేసులు పడతాయి. 304 మీద కూడా.

ఆస్పత్రి వరండాలో అక్కాచెల్లెళ్లు కలిశారు. స్వరూప ఆ మాట ఎలా ఎత్తాలో తెలియక కూర్చుంది.

"ఇయ్యి," అంది రాజమణి తనే. "నా ఇంటిది గూడ ఇయ్యి. నా ఇల్లు ఒక్కటి ఇడిసిపెట్టి ఇస్తే నీ మొహం నేను చూడ."

స్వరూప అన్నీ ఇచ్చింది. కాగితాల మొదటి పేజీలో తను చేసిన మార్పు, దాని తేదీ, సమయం రాసి సంతకం పెట్టింది. పెట్టెలన్నీ పీకేశారు. తిరుపతి జైలుకు పోయాడు. రాజమణికి బెయిలు దొరికింది. పిల్లను అమ్మమ్మ ఇంటికి పంపమని పిల్లల సంక్షేమ అధికారి చెప్పాడు. అమ్మను విడిచి ఉండనని సహస్ర మూడు రోజులు అన్నం ముట్టకపోతే, వారానికోసారి ఒకామె వచ్చి చూసిపోయే షరతు మీద తిరిగి అప్పగించారు.

దసరా దాటాక వాళ్లు సుల్తానాబాదులో చిన్న అద్దె ఇంట్లోకి మారారు. కరెంటుకు వేరే తీగ, నెట్టుకు వేరే తీగ, నీళ్లకు వాకిట్లో నల్లా. నెట్టు ఇల్లంతా వ్యాపించకుండా తీగ చివర బల్ల దగ్గరే ఆగాలని సత్తయ్య పట్టుబట్టి అలాగే పెట్టించుకున్నాడు. మీటరు నుంచి వైరింగు తనే చేసుకున్నాడు. నాలుగు వేళ్లు వంగవు కాబట్టి రాజమణి తీగలు పట్టుకుంది.

స్వరూప ఆ ఇంటికి మొదటిసారి వెళ్లిన రోజు మధ్యాహ్నం సత్తయ్య తలుపు తీశాడు. అయిదు నెలలుగా అతను ఆమెతో మాట్లాడలేదు. ఆమె వంకరపోయిన వేళ్లను చూశాడు. కుడి చెవివైపు తిరిగి, కాస్త గట్టిగా అడిగాడు.

"తిన్నవా?"

"లేదు బావా."

రాజమణి పళ్లెం పెట్టింది. సహస్ర నేల మీద బోర్లా పడుకుని లెక్కలు చేసుకుంటోంది. కొంచెం పొడుగైంది. "చిన్నమ్మా, ఏడో ఎక్కం వచ్చా నీకు?" అని అడిగింది. స్వరూప నవ్వింది. అందరూ కొంచెం నవ్వారు.

అప్పుడు కరెంటు పోయింది.

మామూలుగా ఊళ్లలో పోయే కరెంటే. ఫ్యాను మూడు చుట్లు తిరిగి ఆగింది. పెద్దవాళ్లు ముగ్గురూ ఎక్కడివాళ్లు అక్కడే ఉండిపోయారు. స్వరూప చేతిలో ముద్ద అలాగే ఉంది.

సహస్ర పెన్సిలు నోటుపుస్తకంలో పెట్టి మూసింది. లేచి గౌను చెయ్యి మోచేతి పైదాకా మడుచుకుంది. నడిచి వచ్చి తల్లి ముందు నిలబడి చెయ్యి చాపింది. కళ్లు మూసుకుని ఊపిరి బిగబట్టింది.

"వద్దు బిడ్డా," అంది రాజమణి. "వద్దు."

సహస్ర చెయ్యి దించలేదు. కరెంటు ఇంకా రాలేదు మరి.